రోజుకి ఒక్క కవితే

మా స్కూల్ లైబ్రేరియన్ పోయిన మంగళవారం చనిపోయారు. మిషిగన్‌లో మేం పెరిగిన నోవైలోనే ఉండిపోయిన పాత క్లాస్‌మేట్ మెసేజ్ పెట్టింది. ఇక్కడ కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఆఫీస్ ముందు కారు ఆపుకుని ఏడ్చాను. మూడేళ్ళుగా వెళ్ళి చూడాలనుకుంటూనే ఉన్నాను.

నాకు పదహారేళ్ళప్పుడు, పందొమ్మిదేళ్ళ అన్నయ్య ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆర్మీలో చేరాడు. అమ్మ అన్నం మానేసింది. మా తెలుగు చర్చిలో మాత్రం పాస్టర్ గారు వాణ్ణి ముందుకు పిలిచి ప్రార్థన చేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ గర్వపడాలనిపించింది. లైబ్రరీకి వెళ్ళి, "యుద్ధం మీద మంచి పొయెట్రీ ఉందా?" అని అడిగాను.

ఆవిడ ఒక పల్చటి పుస్తకం తెచ్చి, ఒక పేజీలో కాగితం ముక్క పెట్టి ఇచ్చారు. "రోజుకి ఒక్కటే చదువు. రెండోది రేపు."

బస్సులో చదివాను. జెండా లేదు, విజయం లేదు. చనిపోయిన స్నేహితుడి బూటు లేసులు ఒక సైనికుడు ముడేస్తున్నాడు. అంతే. మా స్టాప్ దాటిపోయిందని కూడా తెలియలేదు.

మర్నాడు పుస్తకం ఆవిడ టేబుల్ మీద పడేసి, "ఇదెందుకిచ్చారు నాకు?" అని అరిచాను. ఆవిడ కోప్పడలేదు. "ఇంట్లో ఎవరు వెళ్తున్నారు?" అన్నారు. చెప్పాను. కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ ఏడాదంతా లంచ్ టైమ్‌లో ఆ కుర్చీలోనే, రోజుకొకటి.

నేను కాలేజీలో చేరిన ఏడాది అన్నయ్య తిరిగొచ్చాడు. ఒంటి మీద చిన్న దెబ్బ లేదు. బేస్‌మెంట్‌లోంచి మాత్రం పైకి రాలేదు. "ఏమైందిరా, ఒక్కసారి చెప్పరా" అని అమ్మ మెట్ల మీద కూర్చుని బతిమాలేది. నేనూ అడిగాను, పోట్లాడాను. ఏ దారీ కనిపించక లైబ్రేరియన్ గారి దగ్గరికే పరిగెత్తాను.

"అడగొద్దు," అన్నారు. "యుద్ధం నుంచి తిరిగొచ్చిన మా అన్నని నేను అడిగీ అడిగీ పోగొట్టుకున్నాను. పక్కన కూర్చుని రోజుకో కవిత చదువు. వింటున్నాడా అని కూడా చూడకు."

చదివాను. నెలల తరబడి గోడలకి వినిపిస్తున్నట్టే ఉండేది. ఒకరోజు దుప్పటి ముసుగులోంచి, "ఆ లైన్ మళ్ళీ చదువు చెల్లీ" అన్నాడు. మళ్ళీ చదివాను.

వాడింకా కోలుకోలేదు. కోలుకుంటాడో లేదో తెలియదు. ఫోన్‌లో ఆ మాట చెప్పి ఏడ్చినప్పుడల్లా ఆవిడ, "ఉన్నాడుగా" అనేవారు. ఉన్నాడు. అది ఆవిడ చలవే.

శనివారం నోవైలో ఫ్యునరల్‌కి వెళ్ళాను. నలుగురున్న చోటికి రాని అన్నయ్య తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టలేకపోయాడు. ప్రార్థనలన్నీ అయ్యి నేను బయటికొచ్చేసరికి, టోపీ తీసి చేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నెత్తి మీద మంచు తెల్లగా పేరుకుపోయింది. దులపబోతే, నా చెయ్యి పట్టుకుని ఆపాడు.