బ్యాగుల గది

ఎండాకాలం మధ్యాహ్నం ఎవరైనా టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడు మామిడికాయ పప్పు వాసన తగిలితే నాకు ఇల్లు గుర్తురాదు. విశ్వవిద్యాలయం లైబ్రరీ గుర్తొస్తుంది.

మాది కొత్వాల్‌గూడ. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ ఎం.ఏ. చివరి సంవత్సరం చదివేది. బడికి సెలవులిచ్చాక ఇంట్లో అందరూ తోట పనిలోనే ఉండేవాళ్లు కాబట్టి, నన్ను వెంటబెట్టుకుని శంషాబాద్‌లో బస్సెక్కి, ఆరాంఘర్‌లో దిగి ఇంకో బస్సు మారేది. పరీక్షకు కావలసిన లావు పుస్తకాలు ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని రాసుకోవాలి. పిల్లల్నేమో లోపలికి రానివ్వరు.

"పోరికి గూడ కార్డు తీసినవా ఏందమ్మా?" అని మొదటిరోజే వాచ్‌మన్ ఎకసెక్కమాడాడు.

గుమ్మం పక్కన బ్యాగుల గది చూసుకునే యాదమ్మకు జాలేసింది. "ఈడ కూసోబెట్టక్కా. బ్యాగులతోని పాటు ఈమెను గూడ జూస్త."

ఆ గదికి ముందువైపు ఇనుప జాలీ, లోపల చెమట పట్టిన బ్యాగు పట్టీల వాసన, డబ్బాల్లోంచి కారిన పప్పు వాసన, ఫినాయిల్ వాసన. ఆ వేళకు ఊళ్లో నా ఈడు పిల్లలు తాటిముంజలు తింటూ, చింతగింజలాడుతూ ఉంటారు. నేను జిప్పులు లెక్కపెడుతూ, అద్దాల తలుపు అవతల తల వంచి రాసుకునే అమ్మను చూస్తూ కూర్చునేదాన్ని. "సప్పుడు చెయ్యకు బిడ్డా, ఇంటికి తోలుతరు" అని అమ్మ రోజూ చెప్పేది.

పరీక్షలకు ఇంకో వారం ఉందనగా, ఒకనాడు కింది అరలో బ్యాగుల వెనక నిద్రపోయాను. అమ్మ పుస్తకం కోసం లేచివెళ్లి తన చోట కనపడకపోయేసరికి, నన్ను అన్నానికి తీసుకెళ్లిందనుకుని, యాదమ్మ అలవాటుగా తాళం వేసి తన అన్నానికి వెళ్లింది. నాకు ఒంటేలుకు మెలకువొచ్చింది. జాలీ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ మళ్లీ ఎదురుగానే కూర్చుని రాసుకుంటోంది. పిలిస్తే వినపడేది. పిలవలేదు. నిలుచున్నచోటనే గౌను తడిసిపోయింది.

యాదమ్మ వచ్చి చూసి, తలుపు తీస్తూనే అమ్మను కేకేసింది.

"ఎందుకు పిలువలేదే?" అంది అమ్మ.

"నువ్వు రాసుకుంటున్నవ్ గద."

అమ్మ తన కొంగుతో నా కాళ్లు తుడిచింది. మర్నాటి నుంచి లైబ్రరీకి వెళ్లలేదు, పరీక్షలూ రాయలేదు. "ఇగ ఆ ముచ్చట తియ్యకు" అని నాన్నతో ఒక్కసారి అనడం విన్నాను, అంతే. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఈ సంగతి అమ్మా నేనూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మొన్న పనిమీద అదే లైబ్రరీకి వెళ్లాను. బ్యాగుల గది లేదు, జాలీ లేదు. ఆ చోటున, పిల్లల్ని వెంట తెచ్చుకుని చదువుకునే తల్లిదండ్రుల కోసం, అక్కడ పనిచేసేవాళ్ల కోసం ఒక గది కట్టారు. చాప, పొట్టి బల్ల, రంగు పెన్సిళ్లు ఉన్నాయి. ఆ లావు పుస్తకాలు పిల్లలున్నవాళ్లకు ఇంటికిస్తామని గోడమీద రాసి ఉంది. ఒక అమ్మాయి నోట్సు రాసుకుంటోంది. చాపమీది పాప ఉన్నట్టుండి "అమ్మా" అని గట్టిగా పిలిచింది. నేను ఉలిక్కిపడి వాచ్‌మన్ వైపు చూశాను. అతను పేపరు చదువుకుంటున్నాడు.