పెద్ద మామాకు బొమ్మలు చెప్పిన మా చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయింది. రాయచోటి నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కువైట్ దేశం ఫర్వానియాలో నా కుట్టు దుకాణంలో కూర్చుని ఎవరిదో పెళ్లి జాకెట్టుకు చేతులు ఎక్కిస్తున్నాను. మోకాళ్లు చూపించుకుందామని సెలవు మీద ఊరికి పోయిన మనిషి, పొద్దున కాఫీ తాగి మంచం మీద ఒరిగి మళ్లీ లేవలేదట. గుండె అన్నారు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఒకటే ఆలోచన: ఇక పెద్ద మామాకు బొమ్మలు ఎవరు చెబుతారు?

మీకు ఇదంతా ఏమిటో తెలియాలి కదా, మొదటి నుంచి చెబుతాను. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. నన్ను కువైట్‌కు పిలిపించింది ఆమే. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీల ఇంట్లో పని చేసేది. ఇక్కడ పనిచేసే ఆడవాళ్లందరిలాగే ఇంటావిడను మామా అని పిలిచేది. ఆ మామా తల్లి పెద్ద మామా. ఆమెకు చక్కెర జబ్బుతో రెండు కళ్లూ పోయాయి, కాళ్లూ అంతంత మాత్రమే. ఆమెను కనిపెట్టుకుని ఉండడానికే చిన్నమ్మను పెట్టుకున్నారు.

ఎండలు ముదరగానే ఆ ఇల్లంతా వియన్నాకు పోయేది. కువైట్‌లో ఇది వింత కాదు. కలిగినవాళ్లు చల్లని దేశాలకు పోతారు, వెంట పనిమనిషినీ తీసుకుపోతారు. పెద్ద మామాకు మాత్రం వియన్నా అంటే చల్లగాలి కాదు, బొమ్మలు. భర్త ఉన్న రోజుల నుంచీ, ఆ కాలానికి అక్కడ ఏయే చిత్రాల ప్రదర్శనలు పెట్టారో కనుక్కుని ఒక్కటీ వదలకుండా చూసేదట. కళ్లు పోయాక మొదటిసారి పోయినప్పుడు కూతురు ఆమెను హోటల్లోనే ఉంచింది. చూపు లేని మనిషిని బొమ్మల దగ్గరికి తోసుకుపోయి ఏం లాభం అనుకుంది పాపం. ముసలామె అన్నం ముట్టలేదు. కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుంది. అది చూడలేక చిన్నమ్మ, నేను తీసుకుపోయి ఏముందో చెబుతాను మామా అంది. మామా ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. ఒక్కసారి చూద్దాం, అమ్మ ఏడుస్తూ బయటికొచ్చిందంటే ఖలాస్, వచ్చే ఏడు నుంచి ఆమె కువైట్‌లోనే ఉంటుంది అంది.

దేవుళ్ల క్యాలెండర్లు, సినిమా పోస్టర్లు తప్ప బొమ్మ అనేది ఎరగని మా చిన్నమ్మ అట్లా చక్రాల కుర్చీ తోసుకుంటూ ఆ బొమ్మల మేడలోకి పోయింది. పోయీ పోగానే ఒక తంటా తెచ్చిపెట్టింది. మొదటి గది గడప దగ్గర ఆగి, చెప్పులు విడిచి, గోడవారగా జతగా పెట్టి లోపలికి నడిచింది. కాసేపటికి కావలి వాళ్లు పరుగులు. దిక్కూ మొక్కూ లేని చెప్పులు ఎవరివో, ఎందుకు పెట్టారో తెలియక, ఏం ప్రమాదమోనని గదిలోకి ఎవరినీ రానివ్వలేదట. చివరికి ఒకాయన చేతులకు తొడుగులు వేసుకుని, ప్రసాదం పళ్లెం పట్టుకొచ్చినట్టు ఆ చెప్పులు పట్టుకుని వచ్చి ఈమె కాళ్లవైపు చూశాడు. కూడా వచ్చిన మామా సిగ్గుతో చచ్చిపోయింది. పెద్ద మామా మాత్రం సంగతి విని కుర్చీ ఊగిపోయేలా నవ్వింది. కళ్లు పోయాక ఆమె నవ్వడం అదే మొదలట.

చెప్పులెందుకు విడిచావు చిన్నమ్మా, అది గుడి కాదు కదా అని నేను అడిగితే ఆమె చెప్పిన మాట ఇది: "ఇంత పని చేసినోళ్ల ముందర చెప్పులేసుకోని నిలబడేదానికి నాకు మనసు రాలేదమ్మే." ఆ తర్వాత కూడా విడవడం మానలేదు. విడిచి సంచీలో వేసుకునేది, అంతే తేడా.

సరే, అసలు పరీక్ష అప్పటికింకా మొదలు కాలేదు. మొదటి బొమ్మ ముందు కుర్చీ ఆపి నిలబడిందట. ఏముంది అని పెద్ద మామా అడిగింది. ఈమె తలెత్తి చూసింది. గోడంత బొమ్మ. ఒకామె పిండి పిసుకుతూ ఉంది, పక్క కిటికీలోంచి వెలుగు వచ్చి ఆమె మోచేతి మీద పడింది. పిండి అంటిన చేతి వెంట్రుకలు కూడా కనపడుతున్నాయి. మనిషన్నవాడు ఇది చేశాడా అని చిన్నమ్మకు ఒళ్లు జలదరించింది. చెబుదామంటే ఈమెకు వచ్చిన అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ. వేడి, చల్లన, ఉప్పు, పాలు, కడుగు, ఉడికింది, ఉడకలేదు. వాటితోనే మొదలుపెట్టింది. గోడ పాలు తక్కువైన చాయ్ రంగు. వెలుగు అప్పుడే కాచిన నెయ్యి. పిండి ఇంకా నానలేదు, ఆమెకు తొందరగా ఉంది, ఎవరో ఆకలితో వస్తున్నట్టుంది. పెద్ద మామా కుర్చీలో ముందుకు వంగి, "ఆ పిల్లకు మా అమ్మ పోలికలున్నాయేమో, ముక్కు చూసి చెప్పు" అందట. అక్కడి నుంచి ఇద్దరికీ లోకం తెలియలేదు. మూసే వేళకు కావలివాళ్లు వచ్చి పొమ్మనే దాకా ఒక్కో బొమ్మ దగ్గరా నిలబడ్డారు.

బయటికొచ్చి పెద్ద మామా ఏడవలేదు. ఆకలేస్తోంది, ఏదైనా తిందాం, యల్లా, పదండి అంది. మర్నాడు మామా వేరే ప్రదర్శనకు టికెట్లు తెచ్చి చిన్నమ్మ చేతిలో పెట్టింది. అప్పటి నుంచి ఏ ఏడూ ఆ ప్రయాణం తప్పలేదు.

తిరిగొచ్చిన మొదటి శుక్రవారం చిన్నమ్మ మా ఫ్లాటుకు వచ్చేది. ఆ రోజు కోసం మేం కాచుకుని ఉండేవాళ్లం. తలకు కట్టిన గుడ్డ విప్పి, ఇంత సోంపు నోట్లో వేసుకుని మొదలుపెట్టేది. రేపే మేమందరం వియన్నా విమానం ఎక్కుతున్నట్టు చెప్పేది, అదీ ఆమె తమాషా.

"ఈ తూరి మూడు సోట్ల పెట్టిండారు. టేసను కాడ ఉండేదానికి మాత్రం పోవాకండి, రంగులు సల్లి ఇడిసిపెట్టిండారు, కాళ్లనొప్పులు తప్ప ఏం లేదు. ఏటి పక్క మేడ ఉంది సూడండి, దానికి పోకుంటే పాపం. పోతే పొద్దున్నే పోండి, ఎలుతురు బాగుంటాది."

మా ఆయన ఊరుకునే మనిషి కాదు. అంత బాగుంటే మాకూ వీసాలు తెప్పియ్యి అత్తా అని ఆటపట్టించేవాడు. ఆమె కోప్పడేది కాదు. "మనకు వీసా లేదని, సూడదగ్గదాన్ని కాదంటామా అల్లుడా?" అనేది.

అక్కడ అమ్మే కార్డులు ఒక్కటీ తెచ్చేది కాదు. నాకు ఒళ్లు మండేది. నువ్వు చూసి వచ్చావు సరే, మాకు చూపించేదేమైనా ఉందా అని గొణిగేదాన్ని. కార్డులో బొమ్మ సచ్చిపోయి ఉంటాదమ్మే, నా నోట ఇను, అది బతికుంటాది అనేది. ఎంత గర్వం అనుకున్నాను. అట్లా గొణిగిన ఒక శుక్రవారమే మంచు పడ్డ ఏటి ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్ల బొమ్మ చెప్పింది. నీళ్లలో పెట్టిన చేతులు ఎర్రగా ఉన్నాయంది. ఒకామె మాత్రం చేతులు చంకల్లో దాచుకుని ఆకాశం వైపు చూస్తోందంది. మాతోపాటు కూర్చున్న, ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసే గోదావరి జిల్లా నర్సమ్మ, తినే పళ్లెం పక్కన పెట్టేసి, "ఆవిడ ఏం చూస్తుందండీ పిన్నిగారూ?" అని మెల్లగా అడిగింది. బయట ఇసుక గాలి కిటికీని కొడుతోంది, నాకు చలి వేసింది. నేను ఆ బొమ్మ చూశాను. ఇంకెట్లా చెప్పాలో నాకు తెలియదు. చదువుకున్నవాళ్లు దీనికి ఏం పేరు పెడతారో గానీ, మా చిన్నమ్మకు దండం పెట్టాలనిపించింది.

చిన్నమ్మ పోయిన వారానికి మామా డ్రైవర్‌ను పంపి నన్ను పిలిపించింది. మా అమ్మ నీతో మాట్లాడాలంటోంది అని చెప్పింది. గదిలో సాంబ్రాణి వాసన. ముసలామె నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఈ ఏడు వియన్నాకు రానని కూతురితో చెప్పేశానంది. ఇంకెవరినైనా పెట్టుకుంటారు, వాళ్లూ చెబుతారు అని ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇన్నేళ్లు ఎవరెవరి ముఖాలో చెప్పింది నాకు. రాణుల ముఖాలు, రొట్టెలు చేసే వాళ్ల ముఖాలు. తన ముఖం చెప్పలేదు. నేనూ అడగలేదు. నువ్వు చెప్పు" అంది అరబ్బీలో.

నాకు చేతకాదు అనబోయి ఆగాను. నాకు వచ్చిన అరబ్బీ గుడ్డలది, కొలతలది. వెడల్పు, పొట్టి, వదులు, మడత. వాటితోనే మొదలుపెట్టాను. నుదురు వెడల్పు అన్నాను. తలగుడ్డ ఒరిపిడికి ముందు జుట్టు పలచబడింది. కనుబొమలు సన్నం, సూదితో గీసినట్టు. కళ్ల కింద వదులు. ముక్కుకు ఎర్రరాయి ముక్కుపుడక. గడ్డం మీద ఎప్పుడో నూనె చింది పడ్డ మచ్చ. చెబుతూ ఉంటే చిన్నమ్మ ముఖాన్ని నేనే అంత నిదానంగా ఎప్పుడూ చూడలేదనిపించింది. నేను ఆగబోతే ముసలామె వదల్లేదు. నేను చెప్పిన చోటల్లా తన ముఖం మీద వేలు పెట్టుకుంటూ వచ్చింది. నుదురు, కనుబొమ, ముక్కు, గడ్డం.

"నవ్వుతోందా?" అని అడిగింది.

నవ్వుతోంది అన్నాను. నవ్వితే ఎడమ బుగ్గ మీద లోతైన మడత ఒకటి పడుతుంది అన్నాను. పెద్ద మామా తన ఎడమ బుగ్గ మీద వేలు ఉంచి, ఆ మడత తెలిసేదాకా నవ్వుతూ ఉండిపోయింది.