ఇరవై డెసిబెల్స్ ఎక్కడికి పోయాయి

నా లెక్క ప్రకారం ఆ రోజు నాంపల్లి మిద్దె మీద మైనస్ ముప్పై అయిదు రావాలి. సిగ్నల్ మీటరు మైనస్ యాభై అయిదు దగ్గర ఆగిపోయింది. ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలం. ఇరవై డెసిబెల్స్ తేడా అంటే రావలసిన దాంట్లో నూరింట ఒక వంతే వస్తోందన్నమాట.

పని చిన్నదే. ఒక స్కానింగ్ సెంటర్‌కు ఆబిడ్స్‌లో ఒక బ్రాంచి, నాంపల్లిలో ఒకటి. తీగ లేకుండా స్కాన్‌లు అటూ ఇటూ పోయేలా రెండు మిద్దెల మీదా డిష్‌లు పెట్టి మైక్రోవేవ్ లింకు కలపాలి. మధ్య దూరం కిలోమీటరు. అంత దూరం పోయేసరికి సిగ్నల్ ఎంత తగ్గుతుందో ముందే లెక్క కట్టడం నా పని. అంతకుముందు ఆఫీసులో కొటేషన్లు టైపు చేసేదాన్ని. బతిమాలి బతిమాలి ఈ సైటు పని తెచ్చుకున్నాను.

ఆబిడ్స్ మిద్దె మీదున్న మా సారు ఫోన్ చేశాడు. "ఏందమ్మా, నీ లెక్క గిట్లుంది? సాయంత్రం లోపల లింకు సక్కగ రాకుంటే పెద్ద డిష్ తెప్పిస్త. నువ్వు రేపటిసంది మళ్ల కొటేషన్లే చూస్కో."

మీటరు మళ్ళీ చూశాను. అదే యాభై అయిదు.

మా వైపు డిష్ బిగించింది కాకా. ఆఫీసులో అందరం ఆ పెద్దాయన్ని అలాగే పిలుస్తాం. ఆయన పద్ధతి ఒకటే. డిష్‌ను కొంచెం కొంచెం తిప్పుతాడు. మీటరు పెరిగి, తగ్గడం మొదలుపెట్టగానే వెనక్కి తెచ్చి బోల్టు బిగిస్తాడు.

"నీ లెక్క కాయితం మీద మంచిగనే ఉంటది బిడ్డా. గీడ మీటర్ చెప్పిందే మాట," అన్నాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

నాకు ఒళ్ళు మండింది. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని లెక్క మళ్ళీ మొదటి నుంచి చేశాను. దూరం సరే, ఫ్రీక్వెన్సీ సరే, డిష్‌ల బలం సరే. మబ్బు లేదు, వాన లేదు. అవతలి డిష్ కంటికి కనిపిస్తూనే ఉంది. అప్పుడు తట్టింది. ప్రతి డిష్‌కూ నడిమధ్య ఒక బలమైన కిరణం, దాని పక్కల బలహీనమైనవి ఉంటాయి. పక్కది నడిమి దానికంటే ఇరవై డెసిబెల్స్ దాకా తక్కువ. అక్కడ కూడా మీటరు పెరిగి తగ్గుతుంది, కాకా పట్టుకున్నది ఆ పక్కదాన్నే.

"కాకా, బోల్టు వదులు చెయ్యి."

"ఉన్నది గూడ పోతది."

"పోతె పోనీ. సారుకు నేను చెప్పుకుంట."

ఆయన బోల్టు వదులు చేసి స్పానర్ నా చేతిలో పెట్టాడు. "అయితే నువ్వే తిప్పు."

తిప్పాను. మైనస్ అరవై. డెబ్భై. ఫోన్‌లో సారు, "పోయింది, లింకు మొత్తం పోయింది," అంటున్నాడు. కాకా నా వంక చూడటం మానేశాడు. ఆపకుండా అటే తిప్పుతూ పోయాను. అరవై. నలభై ఎనిమిది. నలభై. ముప్పై అయిదు.

ఫోన్‌లో సారు అడిగాడు, "ఏం జేసిన్రు గాడ?"

"ఏం లేదు సార్. లెక్కల ఉన్నదే వచ్చింది."

ఏనుగెక్కినంత సంబరమైంది నాకు. మెట్లు దిగుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మర్నాడు చాదర్‌ఘాట్‌లో ఇంకో సైటు, నాకే ఇచ్చారు. నేను మిద్దె ఎక్కేసరికి కాకా డిష్ పక్కన ఊరికే నిలబడి ఉన్నాడు. స్పానర్ ఇంకా సంచిలోంచి తీయలేదు.

"ముందుగాల చెప్పు బిడ్డా," అన్నాడు. "ఎంత రావాలె?"