ఎండపెట్టెలు చూడటానికి తిరుపతికి

పాకాలలో మా ఇంటి వెనక రెండు వాటాలు ఏడాదిగా ఖాళీ. రైల్వేవాళ్ళు అద్దెకుండేవారు, క్వార్టర్లు రాగానే అందరూ వెళ్ళిపోయారు. వాటి మీదా, నేనుండే గది మీదా పెంకులు పగిలాయి. వానలకు ముందే కప్పు మార్చాలి. తిరుపతిలో ఒక లాడ్జీ మీద ఎండతో నీళ్ళు కాచే అద్దాల పెట్టెలు పెట్టారని విన్నాను. పెంకులకు బదులు అవే పరిస్తే కప్పూ అవుతుంది, వేన్నీళ్ళ ఆశకైనా ఎవరో ఒకరు వాటాల్లోకి వస్తారు అనుకున్నాను.

ఉదయం ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాను. సద్ది మూటగట్టుకుంటే స్టేషన్లో దుడ్డు పారేయనక్కర్లేదు. చంద్రగిరి దాటాక పక్కనామె అడిగింది: "కొండకా అవ్వా?"

"కాదు, లాడ్జీకి."

"ఈ వయసులో లాడ్జీలో ఏం పని నీకు?"

రైలుపెట్టెలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

లాడ్జీ స్టేషనుకు దగ్గరే, ఆటో అక్కర్లేదు. మిద్దె మీద ఏటవాలుగా నల్లరేకులు, వాటిపైన అద్దాలు. కింద గుండ్లు చేయించుకుని దిగినవాళ్ళు బకెట్లతో వరుసగా నిలబడ్డారు. ఒకాయన గుండు తడుముకుంటూ, "వేన్నీళ్ళుండాయనే ఈడ దిగినామవ్వా" అన్నాడు. గిరాకీ అంటే ఇదీ అనుకున్నాను.

పెట్టెలు అమ్మే ఆయన కూడా మిద్దె మీదే ఉన్నాడు.

"పెంకులు తీసేసి ఇవే పరచచ్చునా నాయనా?"

"లేదవ్వా. ఇది మిద్దె మీద పెట్టేదే గానీ, ఇదే మిద్దె కాదు. సందుల్లో వాన కారతాది."

"ఒక్క తలకు రెండు గొడుగులా?"

ఆయన పకపకా నవ్వాడు. "కప్పే ఇదైతే ఊరంతా కొంటారవ్వా! అట్లాంటిది ఇంకా రాలేదు. ఇంట్లో ఎంతమంది ఉండారు?"

"ఏడుగురు" అన్నాను. నోటికి అదే వచ్చింది. వాటాలవాళ్ళను కలుపుకుని బావి దగ్గర వంతులు చెప్పిన లెక్క అది.

"అయితే రెండు పెట్టెలు కావాల. మీవాళ్ళనెవరినైనా పిలుచుకోని రా, మాట్లాడుకుందాం."

"ఎవురూ లేరబ్బా. ఇప్పుడు నేనొక్కతినే."

ఆయన, "అట్లయితే దీని జోలికి పోవద్దవ్వా. ఒక్క మనిషికి కట్టెలపొయ్యి చాలు" అన్నాడు.

అమ్ముకునేవాడే వద్దంటే ఇంక బేరమేముంది?

సాయంత్రం బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎవరూ పలకరించలేదు. లాడ్జీలు, హాస్టళ్ళు నడిపేవాళ్ళు వెళ్ళి చూడండి, పనికొస్తుంది. ఇల్లు కట్టేవాళ్ళు కప్పు వేయకముందే పెట్టెలు అమ్మేవాళ్ళను అడగండి. నా మట్టుకు నేను, వెనక వాటాల మీద పగలని పెంకులు దింపించి నేనుండే గదికి వేయించుకుంటాను. ఇక ఆ వాటాల్లో ఎండ నేరుగా నేలమీదే పడుతుంది.