ఫిలిప్పీన్స్ దరఖాస్తు కోసం కోటబొమ్మాళి దాకా

మనీలాలోని ఒక విశ్వవిద్యాలయం ఫిలిప్పీన్స్ మీద పరిశోధన చేసేవాళ్ళకు గ్రాంటు ఇస్తుంది. దానికి దరఖాస్తు పెట్టడానికి నేను చేయవలసి వచ్చిన ప్రయాణం చీపురుపల్లి నుంచి కోటబొమ్మాళికి. గడువు ఆ రోజుతో సరి. వయోపరిమితి ప్రకారం నాకిదే ఆఖరి అవకాశం కూడా. విజయనగరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. గ్రాంటు లేకపోతే నా పీహెచ్‌డీ కదలదు, పీహెచ్‌డీ లేకపోతే ఉద్యోగం పర్మనెంటు కాదు.

ఓడల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ళ ఇళ్ళనూ, మన శ్రీకాకుళం సీమన్ల ఇళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడాలన్నది నా అంశం. ఇక్కడి కుటుంబం ఒక్కటైనా రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే దరఖాస్తుకు బలం. ఫోన్లో సరేనన్నవాళ్ళంతా సంతకం అనేసరికి మెల్లగా జారుకున్నారు. నీలవేణి ఒక్కతే రమ్మంది. ఆమె భర్త రెండేళ్ళ క్రితం ఓడ మీదే జ్వరంతో పోయాడు. మీలో ఎవరైనా ఇలాంటి గ్రాంటుకు పెట్టదలిస్తే కుటుంబాల సంగతి ముందు చూసుకోండి. ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు కూడా నెల ముందే అడగండి, మన గడువులు వాళ్ళకు గుర్తుండవు.

ఉదయం ఏడు దాటాక పలాస పాసింజరు వచ్చింది. టికెట్టు ధర రెండు టీలకు మించదు. కిటికీ పక్కన సీటు దొరికింది. పొందూరులో ఎక్కిన పెద్దమనిషి నా ఒళ్ళోని ఫైలు మీద ఫిలిప్పీన్స్ అన్న మాట చూసి దగ్గరకు జరిగాడు.

"మా అక్క కూతురికి అక్కడేదైనా డాక్టరు సీటు సూడండి మేడమ్. నీట్‌లో రేంకు రాలేదు."

నేను సీట్లు ఇప్పించేదాన్ని కాననీ, చదువుకోవడానికి నేనే వెళ్ళాలనుకుంటున్నాననీ చెప్పాను.

"ఈ వయసులోనా?" అని, తప్పుగా అన్నాననుకున్నాడేమో, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు సగం నా చేతిలో పోశాడు. ఆమదాలవలసలో దిగేవరకు మళ్ళీ మాట్లాడలేదు. శనక్కాయలు మాత్రం బాగున్నాయి.

కోటబొమ్మాళిలో దిగి, స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తిని, షేర్ ఆటో ఎక్కాను. వరి కోతలు అయిపోయి పొలాలు ఖాళీగా ఉన్నాయి. ఇల్లు వెతకనక్కర లేకపోయింది. వీధి మొదట్లోనే నీలవేణి నిలబడి ఉంది. ముప్పయి దాటని మనిషి, కుట్టుమిషను పని చేస్తుంది. అత్తగారు అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పెద్దలకు పెట్టే రోజు వారంలో ఉందట. ఆ రోజు పోయినవాడికి ఏం వండి పెట్టాలన్నదే ఇంట్లో తగవు.

"ఆడికి నెత్తళ్ళ పులుసంటే పేణం," అంది అత్తగారు.

"నాకాడ ఎప్పుడూ పనసకాయ కూరే అడిగీవోడు," అంది నీలవేణి. తర్వాత నా వైపు తిరిగింది. "ఏడాదికి రెండు నెలలుండీవోడు మేడమ్. ఏటెట్టినా బాగుందనీసి తినీసీవోడు. నిజంగా ఏదిష్టమో నాకే తెల్దు."

తెలిసినవాడు ఒకడున్నాడు. ఓడలో వంట చేసే రామోన్, ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో అనే ఊరివాడు. భర్త పోయాక నీలవేణి ఫోన్‌కు మెసేజి పెట్టాడు: జ్వరంలో మీ ఆయన ఇంటి వంట కావాలని అడిగాడు, నాకొచ్చినట్టు వండి పెట్టాను, రెండు ముద్దలు తిన్నాడు. ఏం వంటో రాయలేదు. తిరిగి అడిగేలోగా ఆ నంబరు పనిచేయడం మానేసింది.

"నేను వెళ్తే ఆయన్ని వెతికి అడుగుతాను," అనేశాను. పరిశోధకురాలు అనకూడని మాట అది. అన్నాక గాని తెలియలేదు.

అంగీకార పత్రం తీసి పైకి చదవడం మొదలుపెట్టాను. మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. 'ఇందుకు బదులుగా నాకు ఏ సాయమూ చేస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు' అని ఉంది.

"ఏటైంది మేడమ్?"

ఉన్నదున్నట్టు చెప్పాను. నేను మాట ఇచ్చేశాను కనుక ఆమె సంతకం చేస్తే అది అబద్ధమవుతుంది. సంతకం కావాలంటే నా మాట వెనక్కి తీసుకోవాలి.

నీలవేణి నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. "నీకెలాగ కావాలో సెప్పు. సంతకం ఎట్టీమంటే ఎట్టీస్తాను. మీ వోళ్ళకెలా తెలస్తాది?"

నిజమే, తెలియదు. మనీలా నుంచి ఈ అరుగు దాకా వచ్చి అడిగేవాడు లేడు. పెన్ను ఆమె చేతిలోనే ఉంది. సంతకం తీసుకోవాలని నాకు చాలా అనిపించింది, ఆ సంగతి దాచను. పెన్ను అడిగి తీసుకుని, పత్రం మడిచి సంచిలో పెట్టుకున్నాను. మాట మాత్రం ఉంటుందని చెప్పాను. అన్నం తినకుండా కదలనివ్వలేదు. వంకాయ కూర, చారు.

తిరుగు పాసింజరు మధ్యాహ్నం మూడున్నరకు రావలసింది, నాలుగు దాటాక వచ్చింది. జనం పలచగా ఉన్నారు. తిలారు దాటాక సిగ్నలు వచ్చింది. ఫోన్లోనే దరఖాస్తు తెరిచి, కుటుంబం అంగీకారం ఉందా అన్నచోట లేదు అని నొక్కి పంపేశాను. అందినట్టు వెంటనే జవాబొచ్చింది, యంత్రం పంపే జవాబు. బాధపడ్డాను. చేతిలోని అవకాశాన్ని చేజేతులా తగ్గించుకున్నానని నాకు తెలుసు.

పంపినట్టు చెబుదామని నీలవేణికి ఫోన్ చేశాను. అత్తగారు ఎత్తింది.

"ఓలమ్మా, నువ్వా దేశమెల్లి అడిగొచ్చీదాకా ఆగనేం కదా. మరి ఈ యేడు ఏటొండీమంతావు?"

నన్నెందుకు అడుగుతోందో అర్థం కాలేదు. తోచినట్టు చెప్పాను. "రెండూ వండండమ్మా. నెత్తళ్ళూ, పనసకాయా."

"వొండుతాం, వొండుతాం," అంది. "రెండూ మేం అనుకున్నయ్యే గదమ్మా. ఓడలో ఆడు అడిగింది కాదు."

పొద్దుట బయల్దేరినప్పుడు ఈ గ్రాంటు నా ఉద్యోగం కోసం రావాలనుకున్నాను. చీపురుపల్లిలో దిగేటప్పటికి, ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, ఆ గ్రాంటు వచ్చి తీరాలని కోరుకుంటున్నాను.