పొందుగుల రేవులో మూడు దినాల నిలుపు

పొందుగుల రేవులో బండి కృష్ణ దాటాలంటే ముందు గఫార్ సాహెబు పందిరి దాటాలి. ఇవతల ఇంగ్లీషువాళ్ళ గుంటూరు జిల్లా, అవతల నైజాం రాజ్యం. ఇక్కడ పండిన మిరపకాయ అక్కడ అమ్ముకోవాలంటే పరదేశానికి పంపినట్టే. సరుకేమిటి, ఎన్ని బస్తాలు, ఎవరివి, ఎడ్లెన్ని అని తెలుగులో ఒక కాగితం, ఉర్దూలో ఒక కాగితం రాయించుకోవాలి. రెండూ రాయగలిగినవాడు ఆ రేవు మొత్తానికి దాచేపల్లి అబ్దుల్ గఫార్ ఒక్కడే. తాటాకు పందిరి కింద చాప, చాప మీద పెట్టె, పెట్టె మీద కాగితం. తండ్రి పోయిన నెలకే, అంటే 1931లో, ఆయన చోట వచ్చి కూర్చున్నాడు. పద్నాలుగేళ్ళయినా లేవలేదు.

అబ్బో, ఆయన దర్జా చూడాలి! అక్షరం ఒక్కటి వంకరపోతే కాగితం చించేసి మళ్ళీ మొదటినుంచీ రాసేవాడు. తొందరపెట్టే బండివాడిని కళ్ళజోడు పైనుంచి చూసి, "నీ ఎద్దును తోలినట్టు నా కలాన్ని తోలబాకు" అనేవాడు. తండ్రి చేతిరాతతో ఉన్న నమూనా కాగితం ఒకటి గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకున్నాడు. పేర్లూ తేదీలూ బస్తాలూ తప్ప అందులో ఒక్క మాట మార్చి ఎరగడు. తండ్రి రాత మార్చడమంటే తండ్రికి ఎదురు చెప్పడమేనని ఆయన నమ్మకం.

ఆ రేవులో జనాన్ని కాల్చుకుతిన్నది మూడు దినాల నిలుపు. కాగితం చేతికొచ్చినా బండి వెంటనే దాటడానికి లేదు. మూడు రోజులు ఇవతలి ఇసుకలో ఉండి, నాలుగో రోజున బల్లకట్టు ఎక్కాలి. ఎందుకయ్యా అంటే అందరూ అవతలి ఒడ్డు వైపు చెయ్యి చూపించేవాళ్ళు. అది నైజాం కరోడ్‌గిరి వాళ్ళు పెట్టిన కాయిదా, సుంకం వసూలు చేసేది వాళ్ళు, మనమేం చేస్తాం? ఇసుకలోనే వంట, ఇసుకలోనే పడక, చెలమ తవ్వుకుని నీళ్ళు. వాన ముంచుకొస్తే బస్తాల మీద గోనెలు కప్పి తాము తడిసేవాళ్ళు. పై రేవులో పొద్దున వచ్చిన బండి సాయంత్రానికి దాటుతోందని ఎవరో అంటే, "అట్టయితే ఆ రేవుకే పోండి" అని గఫార్ సాహెబు కసిరాడు.

1941 ఎండల్లో గామాలపాడు కోటయ్య, అతని భార్య పుల్లమ్మ మిరపకాయల బండితో వచ్చారు. అవతల వాడపల్లిలో కోటయ్య బావమరిది ఉన్నాడు. "ఇవాళే దాటించు సాయిబూ, రాత్రికి మావాళ్ళింట్లో పడుకుంటాం" అని కోటయ్య నవ్వుతూ అడిగాడు. "కాయిదా కాయిదానే కోటయ్యా" అని గఫార్ సాహెబు కూడా నవ్వుతూనే చెప్పాడు. రెండో రోజు కోటయ్యకు వాంతులు పట్టుకున్నాయి. చెలమ నీళ్ళు తాగి అప్పటికే ఇద్దరు పడున్నారు. మూడో రోజు పొద్దెక్కకముందే కోటయ్య పోయాడు. మరుసటి ఏడాది నుంచి పుల్లమ్మే పగ్గాలు పట్టి బండి తోలుకొస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఆ మూడు రోజులూ మొగుడు పోయిన ఇసుకలోనే కూర్చుని, కళ్ళు తుడుచుకుని, నాలుగో రోజున దాటిపోయేది.

1945లో నరసరావుపేట వర్తకులు కొందరు గఫార్ సాహెబుకు కబురంపారు. రేవులో బండి ఎక్కడెక్కడ ఆగుతోంది, ఎంతసేపు ఆగుతోంది, ఏది తీసేస్తే సరుకు సులువుగా దాటుతుంది, అన్నీ విచారించి రాసిమ్మన్నారు. అర్జీ పెట్టి ఆ అడ్డంకులు తీయిస్తామన్నారు. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇరవై రోజులపాటు జేబులో గడియారం పెట్టుకుని ప్రతి బండి వెంటా తిరిగాడు. కాగితం రాతకు అరగంట. ఇవతలి చౌకీలో తూకానికి గంట. బల్లకట్టు కోసం గంటన్నర. అవతల బస్తాలు విప్పి చూసి మొహరు ముద్ర వేయడానికి రెండు గంటలు. అంతా కలిపినా ఒక పూట! మిగతా మూడు రోజులూ ఉత్త నిలుపే.

"ఆ కాయిదా నంబరు రాసుకొచ్చి అర్జీలో పెడతాను, చూడండి" అని బండివాళ్ళతో గొప్పగా చెప్పి, ఉతికిన షేర్వాణీ తొడుక్కుని ఆయనే బల్లకట్టు ఎక్కాడు.

అవతలి సుంకం నాకాలో అధికారిగా ఉన్న అమీను కొత్తవాడు, మర్యాదస్థుడు. కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. సంగతంతా విని బిత్తరపోయి చూశాడు.

"ఏ నిలుపు? మా దగ్గర అలాంటిదేమీ లేదే" అన్నాడు ఉర్దూలో.

"లేకపోవడమేమిటి హుజూర్! మూడు రోజులు ఆగందే మీరు బండిని రానివ్వరు కదా?"

అమీను లోపలికి వెళ్ళి పాత దఫ్తరం తెచ్చి పేజీలు తిప్పాడు. 1930లో ఎడ్లకు గాలికుంటు జబ్బు తగిలినప్పుడు, మూడు రోజులు చూసి పంపమని ఒక నిబంధన పెట్టారు. జబ్బు తగ్గగానే ఏడాది తిరక్కుండా ఎత్తేశారు.

"మరి ఇన్నేళ్ళూ బళ్ళను ఎందుకు ఆపారు?" అన్నాడు గఫార్ సాహెబు.

అమీను ఆయన రాసిన కాగితాన్నే తీసి ఆయన ముందు పెట్టాడు. ఆఖరి వరుస మీద వేలు పెట్టాడు. 'ఎడ్లను మూడు దినాలు నిలిపి చూచి, నాలుగో దినాన దాటగలవాడను.' కింద బండివాడి వేలిముద్ర.

"మీ రేవు కాగితాల్లో మీరే అలా రాసి పంపుతున్నారు. అంతకుముందే వస్తే కాగితానికీ బండికీ తేదీ కుదరదు, వెనక్కి పంపుతాం. మీవాళ్ళకు ఏదో ఆచారం ఉందేమో అనుకున్నాను. మీరు ఆ వరుస రాయకపోతే మేము ఆపం."

గఫార్ సాహెబు ఆ వరుసను మళ్ళీ చదివాడు. తండ్రి నమూనా ఏ ఏడాదిది? 1930ది! జబ్బు ఏడాది రాసిన కాగితం అది. తండ్రి బతికుంటే ఆ వరుస కొట్టేసేవాడే. ఆ తర్వాత ఏడాది ఆయన పోయాడు, కొడుకొచ్చి అక్షరం పొల్లుపోకుండా దించేశాడు. పద్నాలుగేళ్ళు! ఎన్ని వందల బళ్ళు, ఎన్ని తడిసిన బస్తాలు! లెక్కపెడుతూ కోటయ్య దగ్గర ఆగిపోయాడు. ఆ కాగితం రాసింది తనే, నవ్వుతూ చేతికిచ్చిందీ తనే. యా అల్లా, తనా చంపింది?

ఇంటికెళ్ళి భార్య రషీదాతో చెప్పాడు. ఆమె తలుపు దగ్గరకు వేసొచ్చింది.

"రేపటినుంచి ఆ వరుస రాయకండి. నైజాం వాళ్ళు కాయిదా ఎత్తేశారు, నేనే ఎత్తేయించానని చెప్పండి. ఎవరడగొచ్చారు? పేటలో దండ కూడా వేస్తారు."

"పుల్లమ్మకో?"

"ఆమెకు చెబితే పోయినవాడు తిరిగొస్తాడా?"

ఆయన అన్నం ముందు కూర్చుని లేచాడు. చెప్పకపోతే బతికినంతకాలం గౌరవం, చెబితే రేవులో తలెత్తుకునే దారి లేదు. అబద్ధం చెప్పడం ఎంత తేలికో తెలిసేసరికి ఆయనకు ఇంకా భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే పుల్లమ్మ బండి వచ్చింది. పందిరి ముందు అప్పటికే పిడుగురాళ్ళ సుభానీ, ఇంకో నలుగురు బండివాళ్ళు ఉన్నారు. గఫార్ సాహెబు చాప మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆయన లేవడం ఎవరూ చూసి ఎరగరు.

"పుల్లమ్మా, నిలుపు నైజాం వాళ్ళది కాదమ్మా. నాది. వాళ్ళు ఎప్పుడో ఎత్తేశారు. నేను చూసుకోకుండా రాస్తా వచ్చా. నేను రాయబట్టే వాళ్ళు ఆపారు."

సుభానీ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఏందీ? ఇన్నేళ్ళు మమ్మల్ని ఇసకలో పడేసింది నువ్వా? ఎంత పని చేశావు సాయిబూ! నీ చేతులిరగ్గొట్టినా పాపం లేదు!"

పుల్లమ్మ బండి మీదే కూర్చుంది. పగ్గాలు అట్టాగే పట్టుకుని ఉంది.

"అయితే ఆయన కాయితం రాయించుకున్నాడే, ఆ రోజే దాటేవాళ్ళమా?"

"దాటేవాళ్ళేనమ్మా. పొద్దుగూకే లోపల వాడపల్లిలో ఉండేవాళ్ళు."

"చెలమ నీళ్ళు తాగే పనే లేదా?"

"లేదు తల్లీ."

తిడితే బాగుండు, కొడితే బాగుండు అని గఫార్ సాహెబు ఎదురుచూశాడు. ఆమె బండి దిగి చాప ముందు కూర్చుంది.

"రాయి."

రాశాడు. అక్షరాలు వంకరపోయినా చించలేదు.

"చదువు."

పేరు, ఊరు, బస్తాలు, ఎడ్లు, అన్నీ చదివాడు.

"కింద ఇంకేమన్నా ఉందా?"

"లేదమ్మా."

"మళ్ళీ చదువు. పైనుంచి కిందిదాకా."

మళ్ళీ చదివాడు. అప్పుడు వేలిముద్ర వేసింది. ఆయన మొహం చూడకుండా కాగితం తీసుకుని, చౌకీలో తూకం వేయించుకుని, బండిని బల్లకట్టు ఎక్కించింది.

బల్లకట్టు నడిపే బాజీ గంటలో తిరిగొచ్చాడు. వస్తూనే పందిరి దగ్గరకు పరిగెత్తాడు.

"సాయిబూ, ఆ పుల్లమ్మక్క ఒడ్డు దిగింది గానీ బండి తోలట్లా. ఇసకలో కూలబడి, ఏటి వంక చూస్తా, 'ఇంతేనా? ఇంతేనా?' అంటా తల బాదుకుంటంది. ఎవరు లేపినా లేవట్లా."

గఫార్ సాహెబు రెండు చేతులతో మొహం కప్పుకుని బావురుమన్నాడు. అప్పటికి ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.