పీట మీద ఉండగా చేసిన ఫోను

2023లో రాజమండ్రిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేరాను. అంటే మందు మీద పరిశోధన జరుగుతుంటే రోగులకు ఫోన్లు చేసి, వాళ్లు చెప్పింది రాసుకునే మనిషిని. హైదరాబాదులో పెరిగాను. చేతిలో ఎప్పుడూ ఫోను, ముక్కు మీద కోపం.

విరేచనాలు కట్టడానికి వాడే లోపరమైడ్, మలం ఆపుకోలేనివాళ్లకు ఏమాత్రం పనికొస్తుందన్నది మా ప్రశ్న. కొందరికి ప్లసీబో, అంటే మందు లేని ఉత్తి మాత్ర. ఎవరికి ఏది ఇచ్చారో నాకూ తెలియదు. రోజూ ఎన్నిసార్లు బట్ట పాడైందో రోగి డైరీలో రాసి, వాట్సాప్‌లో ఫోటో పెట్టాలి.

ద్రాక్షారామం వైపు నుంచి సోమయాజులు గారు వచ్చేవారు. పురోహితులు. మలద్వారం దగ్గర ఫిస్టులాకు ఆపరేషన్ చేశాక, ఆపుకునే పట్టు పోయింది. వ్రతం మధ్యలో లేవాల్సి వస్తుందన్న భయంతో, ఊళ్లో మోకాళ్ల నొప్పులని చెప్పి ఏడాదిగా ఇంట్లోనే ఉండిపోయారు.

"మధ్యాహ్నం దాటాకే ఫోన్ చెయ్యమ్మా," అన్నారు మొదటిరోజు. "పొద్దున్న పీట మీద ఉంటానేమో."

"మానేశారన్నారు కదండీ?"

"మాత్ర మింగుతున్నాను కదా, ఆశ!" అని నవ్వారు.

పది రోజులు వరసగా సున్నాలే వచ్చాయి. నాకు ఒళ్లు మండింది. డైరీలో ఉత్తుత్తి సున్నాలు గీకేస్తున్నారనుకున్నాను. పొద్దున్న తొమ్మిదిన్నరకే ఫోన్ కొట్టాను. ఎత్తగానే మొదలుపెట్టాను.

"ఏంటండీ పంతులుగారూ, అన్నీ సున్నాలేనా? పది రోజుల్లో ఒక్కసారి కూడా పంచెలో పోలేదంటే నమ్మమంటారా? నిజం రాయండి!"

అటువైపు మోగుతున్న పూజగంట ఆగింది. ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. "ఎవరండీ మీరు? పంతులుగారు కలశం పెడుతున్నారు. ఫోన్‌లో ఆసుపత్రి అని పడితే స్పీకర్ పెట్టాను."

నేను కట్ చేశాను.

వారం తర్వాత ఆయనే ఆసుపత్రికి వచ్చి, మిగిలిన మాత్రలు నా బల్ల మీద పెట్టారు.

"ఆ సున్నాలు నిజమేనమ్మా. లేవకుండా రెండు వ్రతాలు చేయించాను. అది మూడోది."

"ఆపేశారా వాళ్లు?"

"అబ్బే, మర్యాదస్తులు. పూజ అంతా జరిగింది. చివర్లో తీర్థం ఇస్తుంటే ఒక్కళ్లూ చెయ్యి పట్టలేదు."

"క్షమించండి. మాత్రలు మాత్రం ఆపకండి, ప్లీజ్. మీకు తగ్గింది కదా."

"తగ్గిందమ్మా. ఇంట్లో కూర్చునేవాడికి తగ్గితే ఎంత, తగ్గకపోతే ఎంత?"

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఎదురు మాట్లాడేదాన్నేమో.

అలా ఆయన ట్రయల్ నుంచి తప్పుకున్నారు. మిగిలిన రోజుల గడుల్లో 'సమాచారం లేదు' అని నేనే నింపాను. ఎందుకు లేదో రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు.

ఇప్పుడు ఎవరికి ఫోన్ చేసినా ముందు పేరు అడుగుతాను. తర్వాత, "పక్కన ఎవరైనా ఉన్నారా అండీ?" అంటాను. ఆ ఒక్క ప్రశ్న నేర్చుకోవడానికి ఒక మనిషి పీట పోయింది.